దియలుమ దగ్గర పాడైన రీలు

"నువ్వెందుకొచ్చినవ్?"

సికింద్రాబాద్ స్టేషన్లో ట్రంకుపెట్టె కింద పెట్టీ పెట్టకముందే జకర్యాకు ఎదురైన ప్రశ్న అది. అడిగింది మేబెల్. బోయిగూడలో వాళ్ళింటికీ వీళ్ళింటికీ మధ్య ఒక్కటే గోడ. చిన్నప్పుడు ఆ గోడెక్కి జామకాయల కోసం కొట్టుకున్నారు. పెద్దయ్యాక దానికి చెరో పక్క నిలబడి గంటల తరబడి మాట్లాడుకున్నారు. ఇప్పుడు పది నెలలుగా ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

"ఎందుకేంది? జలపాతం చూడనీకె," అన్నాడు జకర్యా.

"నువ్వా? హుస్సేన్‌సాగర్ తూము కాడ నీళ్ళు జోరుగ పోతుంటే భయపడి నా చెయ్యి పట్టుకున్నోనివి!"

"అప్పుడు నాకు తొమ్మిదేండ్లు."

"ఇప్పుడేం పెరిగినవ్ గని?"

అంతలో పొడుగాటి మనిషొకడు వచ్చాడు, లూకా. తెల్ల ప్యాంటు, దువ్విన క్రాపు, మెడలో నల్లటి పెట్టె కెమెరా.

"మేబెల్‌గారూ, మీ బెడ్డింగు పైన పెట్టించేశానండీ. కిటికీ పక్క సీటు మీదే." జకర్యా వైపు చూసి నవ్వాడు. "వీరు?"

"మా పక్కింటి జకర్యా," అంది మేబెల్.

పక్కింటి! ఇరవై మూడేళ్ళ స్నేహం ఒక్క మాటతో పక్కింటికి పోయింది. జకర్యాకు అక్కడే కడుపు మండడం మొదలైంది.

అది 1949 డిసెంబరు నెలాఖరు. పోలీస్ యాక్షన్ జరిగి ఏడాది దాటింది. మేబెల్ తండ్రి దేవసహాయం రిటైరైన హెడ్మాస్టరు. ఏటా క్రిస్మస్ కాగానే చర్చివాళ్ళను ఎటైనా తీసుకెళ్ళేవారు. గొడవల వల్ల రెండేళ్ళు అది ఆగిపోయింది. "రెండేళ్ళు సరిహద్దు దాటాలంటే భయపడ్డాం. ఈసారి సముద్రమే దాటుదాం," అని ఆయన ప్రకటించారు. సిలోను ప్రయాణం. కాండీ, తేయాకు కొండలు, చివర దియలుమ జలపాతం.

ఆ జలపాతమే ఎందుకంటే, రోసమ్మ కోసం. రోసమ్మ మేబెల్ పనిచేసే బడిలో ఆయా. అల్వాల్‌లో పుట్టింది. ఆమె తమ్ముడు బిక్షం పదిహేనేళ్ళప్పుడు తిరుమలగిరిలో ఒక దొర దగ్గర గుర్రాల పనికి కుదిరాడు. ఆ దొర పటాలం ఉద్యోగం మానేసి సిలోనులో తేయాకు తోట కొనుక్కుంటే, గుర్రాలతో పాటు బిక్షమూ ఓడెక్కాడు. ముప్పై ఏళ్ళయింది. దేవసహాయం ఆ తోటకు ఉత్తరం రాస్తే, బిక్షం బతికే ఉన్నాడని జవాబు వచ్చింది.

జకర్యా రైల్వే గూడ్స్ ఆఫీసులో టైపిస్టు. అతనికి జలపాతాలంటే ప్రేమా లేదు, ద్వేషమూ లేదు. నల్లా దగ్గర రోసమ్మ ఒక మాట చెప్పకపోతే ఈ ప్రయాణం సంగతే పట్టించుకునేవాడు కాదు.

"లూకా సారు మేబెల్‌ను అడిగిండట బిడ్డా. సిలోన్ పోయినప్పుడే పెద్దసారు మాట ఇస్తడంటున్నరు."

మర్నాడే జకర్యా పదిహేను రోజుల సెలవుకు దరఖాస్తు పెట్టాడు.

లూకా పేరు అతను వినడం అది మొదటిసారి కాదు. 48 జూన్‌లో రజాకార్ల గడబిడ ముదిరినప్పుడు మేబెల్ కుటుంబం బెజవాడలో అమ్మమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. తల్లినీ ఉద్యోగాన్నీ వదల్లేక జకర్యా ఇక్కడే ఉండిపోయాడు. జులైలో మేబెల్ దగ్గర్నుంచి ఒక్క ఉత్తరం వచ్చింది. ఎవరో చించి చదివి, మళ్ళీ జిగురుతో అంటించిన కవరు. లోపల వాళ్ళమ్మ ఆరోగ్యం గురించి నాలుగు ముక్కలు, మిగతా పేజీన్నర లూకా గురించి. "లూకాగారు చాలా ఓపిక గలవారు. రోజూ సాయంత్రం కృష్ణ ఒడ్డున నాకు సైకిల్ నేర్పుతున్నారు. పడబోతే పట్టుకుంటున్నారు."

పట్టుకుంటున్నారు! జకర్యా ఆ ఉత్తరాన్ని ట్రంకు అడుగున పడేశాడు. జవాబు రాయలేదు. మరుసటి ఫిబ్రవరిలో మేబెల్ తిరిగొచ్చిన రోజు పరుగున గోడ దగ్గరికి వస్తే, "సైకిల్ మీద రాలేదా?" అని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆ ఏడాది జూన్‌లోనే లూకా సైన్సు మాస్టరుగా సికింద్రాబాద్‌లో దిగాడు. జకర్యాకు ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

కాజీపేట వచ్చేసరికి మేబెల్ నోటి నుంచి 'లూకాగారు' అనే మాట పదకొండుసార్లు వచ్చింది. బెజవాడ దాటాక జకర్యా లెక్కపెట్టడం మానేశాడు.

ధనుష్కోడి రేవులో ఇంకో అవమానం కాచుకుని ఉంది. అందరి పేర్లూ ఒకే పర్మిట్‌లో ఉన్నాయి. ఆఖర్లో చేరిన జకర్యాది విడి కాగితం. దానికి జత చేసిన ఉద్యోగ పత్రం ఉర్దూలో ఉంది.

"హైదరాబాదంటే? పాకిస్తాన్‌లో ఉన్నదా?" అన్నాడు కాగితాలు చూసే అధికారి ఇంగ్లీషులో.

"నో సర్, దక్కన్ సర్, నిజాం సర్..." జకర్యాకు ఇంగ్లీషు టైపు కొట్టడం వచ్చు గానీ, అంత వేగంగా మాట్లాడడం రాదు. నిజాం పేరు వినగానే ఆ అధికారి కనుబొమలు ఇంకా పైకి లేచాయి. స్టీమరు కూత వేసింది.

లూకా వెనక నుంచి వచ్చి, తీరిగ్గా, నవ్వుతూ రెండు నిమిషాలు మాట్లాడాడు. అధికారి కూడా నవ్వాడు. ముద్ర పడింది.

స్టీమరు మీద గాలికి చెంగు తలచుట్టూ బిగించుకుని మేబెల్ అంది. "లూకాగారు లేకుంటే నువ్వు ధనుష్కోడిలనే ఉండేటోనివి, గవ్వలేరుకుంట."

"ఉండేటోన్ని. మంచిగుంటుండె."

"థాంక్స్ చెప్పినవా?"

"చెప్త."

చెప్పలేదు.

కొండ రైలు మలుపులు తిరుగుతూ ఎక్కింది. తుంపర మొదలైంది. మేబెల్ కిటికీలోంచి చెయ్యి చాచి చినుకులు పట్టుకుంది. ఎదురుగా కూర్చున్న జకర్యా ఆ చేతినే చూస్తున్నాడు. ఆమె చూసింది. అతను గబుక్కున తేయాకు మొక్కల్లోకి చూపు తిప్పాడు. ఆమె పెదవి చివర ఏదో మెదిలింది. సరిగ్గా అప్పుడే లూకా, "అటు చూడండి మేబెల్‌గారూ, మబ్బు మన కిందుంది!" అన్నాడు. ఆ మెదిలింది ఎవరికోసమో జకర్యాకు తేలలేదు.

బండారవేలలో మిషను బంగళాలో బస. మర్నాడు పొద్దున్నే బస్సు మాట్లాడుకుని బయల్దేరారు. కొస్లాండ దగ్గర బస్సు ఆగింది. రోడ్డు పక్కన పాత ఖాకీ కోటు, చేతిలో గొడుగు, తల నెరిసిన మనిషి ఒకతను నిలబడి ఉన్నాడు.

రోసమ్మ దిగింది. అతని ముందు నుంచే నడిచి, అతని వెనక్కి చూసింది, చెట్ల మధ్య చూసింది.

"అక్కా," అన్నాడు అతను.

"ఎవలయ్యా నువ్వు? నా తమ్ముడేడి? నా తమ్ముడు గింత ఉంటడు." తన భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.

"గింతనే ఉంటినే అక్కా. ముప్పై ఏండ్లాయె," అన్నాడు బిక్షం.

మాటల మధ్యలో అరవం దొర్లుతోంది, మర్చిపోయిన మాట కోసం తడుముకుంటున్నాడు. కానీ ఆ 'గింతనే' అల్వాల్ వాళ్ళు తప్ప ఇంకెవరూ అలా అనలేరు. రోసమ్మ అతని ముఖం రెండు చేతులతో పట్టుకుని, వేళ్ళతో తడిమి తడిమి చూసింది. ఒక్కసారిగా ఏడ్చింది. బస్సులో వాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. జకర్యా కూడా. అక్కాతమ్ముళ్ళను పక్కపక్కన నిలబెట్టి లూకా ఫోటో తీశాడు. బిక్షానికి తోటలో రెండు గంటలే సెలవు. ఆ రెండు గంటలూ ఇద్దరూ ఒక రాతి మీద కూర్చుని, వాళ్ళమ్మ ఎప్పుడు పోయింది, ఎవరికి ఎంతమంది పిల్లలు అని మాట్లాడుకున్నారు. తర్వాత అతను పనిలోకి వెళ్ళాడు. బస్సు ముందుకు కదిలింది.

ముందు చప్పుడు వినిపించింది. వంపు తిరిగేసరికి దియలుమ కనబడింది.

ఏడు వందల అడుగుల నల్లటి బండ. దాని కొస నుంచి నీళ్ళు ఒక్క ఉదుటున బయల్దేరి, సగం దారిలోనే నీళ్ళన్న సంగతి మరచిపోయి పొగై, మళ్ళీ కిందికొచ్చాక గుర్తొచ్చినట్టు రాళ్ళ మీద విరుచుకుపడుతున్నాయి. తల వెనక్కి వంచితే గానీ మొదలు కనబడదు. పక్క మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. రోడ్డు మీద నిలబడినా ముఖాలు తడిసిపోతున్నాయి.

మేబెల్ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "నాన్నా! చూడు నాన్నా!"

"ఆ రాయి దగ్గరికి వస్తే ఫోటో బాగా వస్తుందండీ," అని లూకా ముందు నడిచి, వెనక్కి తిరిగి చెయ్యి అందించాడు. మేబెల్ ఆ చెయ్యి పట్టుకుని ఒక రాయి దాటింది. రెండో రాయి. మూడో రాయి. జకర్యా ముప్పై అడుగుల దూరంలో జేబుల్లో చేతులు పెట్టుకుని రాళ్ళు లెక్కపెట్టాడు. మూడో రాయి పొడిగానే ఉంది. అయినా చెయ్యి వదల్లేదు.

"కాస్త ఎడమకండీ... ఆఁ, గడ్డం కొంచెం పైకి... అబ్బ, అలాగే ఉండండి!"

ఒకటి తీశాడు. అప్పుడు దేవసహాయం ముందుకొచ్చారు. "లూకా, నువ్వూ నిలబడు. నేను తీస్తాను."

లూకా వెళ్ళి మేబెల్ పక్కన నిలబడ్డాడు. వెనక జలపాతం. తండ్రి చేతిలో కెమెరా. జకర్యా కళ్ళకు అది పెళ్ళి ఫోటోలాగే కనబడింది. మాట ఇచ్చేశారు, ఇక అయిపోయింది అనుకున్నాడు.

కాసేపటికి మగవాళ్ళంతా మడుగులో దిగడానికి తయారయ్యారు. లూకా వచ్చి కెమెరా జకర్యా చేతిలో పెట్టాడు. "కాస్త పట్టుకుంటారా జకర్యాగారూ? తడిస్తే పాడైపోద్ది. మీ దగ్గరైతే భద్రంగా ఉంటది."

అందరూ అటు వెళ్ళారు. జకర్యా బస్సు వెనక్కి వెళ్ళాడు. వాన వెలిసి ఎండ కాస్తోంది. ఆ నల్ల పెట్టెను చూశాడు. దాని కడుపులో మేబెల్ నవ్వుతోంది, పక్కన ఆ మనిషి నిలబడి ఉన్నాడు. రేపు అది కాగితం మీదికొస్తుంది. బోయిగూడలో వాళ్ళింట్లో గోడకెక్కుతుంది. తను జీవితాంతం దాన్ని చూస్తూ ఉండాలి.

వెనక మూత తెరిచాడు. రీలు కొస పట్టుకుని గుంజాడు. మూరెడు రీలు, మరో మూరెడు, మొత్తం ఎండలోకి వచ్చేసింది.

పట్టుమని పది క్షణాలు హాయిగా అనిపించింది. ఎవరో వస్తున్న చప్పుడైతే గబగబా చుట్టి, లోపల కుక్కి, మూత వేశాడు.

వచ్చింది రోసమ్మ. చెంగుతో ముఖం తుడుచుకుంటూ నవ్వింది.

"నీ తాన్నే ఉన్నదా బిడ్డా ఆ డబ్బ? జెర పైలంగ పట్టు. మా తమ్ముడు అండ్లనే ఉన్నడు గద."

జకర్యా చేతిలోని పెట్టె వంక చూశాడు. నిజంగానే ఆ సంగతి అతనికి అప్పటిదాకా గుర్తు రాలేదు. ఆ రీలులో మేబెల్ ఉంది, లూకా ఉన్నాడు అన్నదొక్కటే బుర్రలో తిరిగింది. పొద్దున తను కళ్ళు తుడుచుకుంటూ చూసిన ఫోటో అందులోనే ఉందన్నది ఇప్పుడు గుర్తొచ్చింది.

తిరుగు ప్రయాణంలో రోసమ్మ దారంతా ఆగకుండా కీర్తనలు పాడింది.

సాయంత్రం బంగళాలో అందరూ భోజనాలకు కూర్చున్నారు. దేవసహాయం ప్రార్థన చేశారు. లూకా అన్నం కలుపుతూ, "రోసమ్మగారూ, కాండీలో దిగగానే రీలు కడిగించేస్తానండీ. మీ ఫోటో మీ చేతికిచ్చేకే రైలెక్కుతాం," అన్నాడు.

"గది నా తలగడ కింద పెట్టుకుంట సారూ. నేను సచ్చినప్పుడు నాతోనే పెట్టెలకొస్తది."

ఊరుకోవచ్చు. కాండీలో రీలు నల్లగా వస్తే, కడిగినవాడి తప్పంటారు, లేదా వాన తడి అంటారు. తన మీద ఎవరికీ అనుమానం రాదు. జకర్యాకు అదంతా తెలుసు. అయినా చేతిలో ముద్ద కంచంలో వదిలేశాడు. లేచి నిలబడ్డాడు.

"ఆ రీలు కడగనీకె పనికి రాదు సార్. నేనే గుంజి ఎండల పెట్టిన."

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. దేవసహాయం కళ్ళజోడు తీశారు. "ఎందుకు?"

జకర్యా మేబెల్ వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. "ఓర్వలేక సార్."

రోసమ్మ చెయ్యి కడుక్కుని లేచింది. తిట్టలేదు. "మళ్ళ వాణ్ణి ఎన్నడు చూస్తనో," అని మాత్రం అని, లోపలికి వెళ్ళిపోయింది.

మేబెల్ ముఖం ఎర్రబడింది. "నువ్వు గింత చిన్నోనివా జకర్యా?" ఆమె కూడా వెళ్ళిపోయింది.

"నువ్విలాంటి వాడివని అనుకోలేదు," అన్నారు దేవసహాయం. ఆ గొంతులో కోపం కంటే విచారం ఎక్కువ వినబడింది. హెడ్మాస్టరుగా ఆయన బెత్తం దెబ్బలు తిన్న జకర్యాకు ఇది అంతకంటే గట్టిగా తగిలింది.

"రేపు మన బండి రెండింటికి కద సార్. పొద్దుగాల ఫస్ట్ బస్సుకు తోటకు పోత. బిక్షాన్ని బతిలాడి ఫోటో తీసుకొస్త. కెమెరా ఇస్తే..." లూకా వైపు చూడడానికి ధైర్యం చాల్లేదు.

లూకా లేచి లోపలికి వెళ్ళాడు. కొత్త రీలుతో తిరిగొచ్చాడు.

"కోపం లేదని అబద్ధం చెప్పనండీ. ఉంది. కానీ మీరు ఒప్పుకోపోతే నాకు జన్మలో తెలిసేది కాదు." రీలు బల్ల మీద పెట్టాడు. "పొద్దున్న కెమెరా వస్తుంది. ఎవరి చేత పంపాలో నేను చూసుకుంటాను."

పొద్దున్న ఆరింటికి మంచులో బస్టాండుకు వెళ్తే అక్కడ ముందే ఇద్దరున్నారు. శాలువా కప్పుకున్న రోసమ్మ. కెమెరా మెడలో వేసుకున్న మేబెల్.

"ఇది నీ ఒక్కని చేతికియ్యం," అంది మేబెల్. "మళ్ళ ఎవల మీద మండుతదో ఏమో."

బస్సులో రోసమ్మ ఇద్దరి మధ్యా కూర్చుని కళ్ళు మూసుకుంది. హపుతలే ఊరు దాటాక మేబెల్ కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

"నా ఉత్తరానికి ఎందుకు జవాబు రాయలే?"

"ఏం రాయాలె? సైకిల్ మంచిగ నేర్చుకో అని రాయాల్నా?"

"నాకు సైకిల్ వస్తదా?"

"నాకేం ఎరుక?"

"నేనొచ్చి పది నెలలాయె. ఎన్నడన్న సైకిల్ మీద చూసినవా నన్ను?"

జకర్యా ఆలోచించాడు. మేబెల్ బడికి నడిచి వెళ్తుంది. వానొస్తే రిక్షాలో వెళ్తుంది. సైకిల్ మీద ఏనాడూ చూడలేదు.

"మరి లూకా..."

"లూకాగారు మా అమ్మమ్మవాళ్ళ చర్చిల పాటలు నేర్పేటోడు. అప్పటికి నాతోని రెండు మాటలు సుత మాట్లాడలే. ఆ సైకిల్, ఆ కృష్ణ ఒడ్డు అన్నీ నేనే కల్పించి రాసిన."

"ఎందుకు?"

"కవర్లు విప్పి చదువుతున్నరని నాన్న చెప్పిండు. 'అక్కడుండకు, అమ్మను తీస్కొని వచ్చెయ్' అని రాస్తే, ఆ కాగితం పట్టుకొని నిన్నేం చేస్తరో అని భయం. అందుకే గట్ల రాసిన. నీకు మండితే రైలెక్కి వస్తవనుకున్న." ఆమె కెమెరా పట్టీ వేలికి చుట్టుకుంది. "రోజూ స్టేషన్‌కు పోయి చూసేదాన్ని. సెప్టెంబర్ల పోలీస్ యాక్షన్ అయిన ఐదు దినాలు రేడియో ముందటికెళ్ళి లేవలే. నువ్వున్నవో లేవో తెల్వదు. తెల్వదు జకర్యా!"

రోడ్డు కింద లోయలో మంచు విడిపోతోంది.

"మండింది," అన్నాడు జకర్యా. "గని రైలెక్కలే."

"అదే నీ తోని తక్లీఫ్. మండితే చెప్పవ్. లోపట పెట్టుకొని ఏదో ఒకటి ఖరాబ్ చేస్తవ్. అప్పుడు నన్ను ఏడిపించినవ్. ఇప్పుడు రోసమ్మను."

"మరి మొన్నటికెళ్ళి లూకాగారు, లూకాగారు అని..."

"నువ్వు అడుగుతవేమోనని. ఒక్కసారన్న నోరు తెరిచి అడిగినవా?"

"నిన్న ఆయన చెయ్యి పట్టుకున్నవ్ గద!"

"రాయి జారుతుంటే పడిపోవాల్నా?"

"నా చెయ్యి లేదా?"

"యాడుంది? ముప్పై అడుగుల దూరంల జేబుల పెట్టుకున్నవ్!"

"మీ నాన్న మాట ఇస్తడంట..."

"నాన్న నన్ను అడిగిండు. సిలోన్ కెళ్ళి వచ్చినంక చెప్త అన్న."

"అప్పుడే చెప్పకుండ ఎందుకు ఆగినవ్?"

మేబెల్ మొదటిసారి అతని వైపు తిరిగింది. "నువ్వు టూరుకు పేరిచ్చినవని ఆ దినమే తెలిసింది."

రోసమ్మ కళ్ళు తెరవకుండానే లేచి నిలబడింది. "నేను ముందటి సీట్ల కూసుంట. మీ లొల్లితోని నిద్ర పడుతలేదు." ముందు సీటుకు వెళ్ళి, అక్కడ మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఖాళీ అయిన చోట ఇద్దరి చేతులూ ఉన్నాయి. ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

బిక్షం వాళ్ళను చూసి పరుగున వచ్చాడు. సంగతి విన్నాడు. జకర్యా చేతులు జోడించబోతే ఆపాడు.

"ఖరాబ్ చేసి మంచి పని చేసినవ్ తంబీ. లేకుంటే మా అక్క ఇంకోపారి వస్తుండెనా?"

తోటలోంచి ఒక కాలిబాట పట్టి వాళ్ళను దియలుమ నెత్తి మీదికి తీసుకెళ్ళాడు. నిన్న కింద అంత హోరుమన్న ఏరు పైన పిల్లకాలువలా ఉంది. రాతి గుంటల్లో ఆగి ఆగి, అద్దంలా మెరుస్తూ నిదానంగా నడుస్తోంది. కొస దాకా వెళ్ళి, చప్పుడు లేకుండా మాయమవుతోంది. ఆ తర్వాత ఆకాశం, ఎక్కడో దిగువన మైదానం.

రోసమ్మ తమ్ముడి మణికట్టు పట్టుకుని నిలబడింది. బిక్షం టోపీ తీశాడు. జకర్యా ఊపిరి బిగబట్టి నొక్కాడు. ఒకటి చాలదని ఇంకొకటి, అదీ చాలదని మరొకటి. ఎండ సూటిగా కొడుతుంటే మేబెల్ అతని తలమీద, కెమెరా మీద గొడుగు పట్టింది. ఏడు ఫోటోలయ్యాయి.

"ఇంకొకటున్నది గద," అంది రోసమ్మ. "మీరిద్దరు నిలబడుండ్రి."

"దొర కాడ నేను సుత పట్టిన గిది," అని బిక్షం కెమెరా అందుకున్నాడు. తడిసిన రాయి మీదికి జకర్యా ముందు నడిచాడు. వెనక్కి తిరిగి చెయ్యి చాచాడు. మేబెల్ ఆ చేతిని చూసి, అతన్ని చూసి, నవ్వి పట్టుకుంది.

"ఇది పొడిగనే ఉన్నది," అంది రెండో రాయి మీద అడుగుపెట్టి.

"ఎరుకే," అన్నాడు. వదల్లేదు.

బండారవేల స్టేషన్ చేరేసరికి బండి ప్లాట్‌ఫారం మీద ఉంది. దేవసహాయం గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు. జకర్యా కెమెరా లూకాకు ఇచ్చాడు.

"థాంక్స్ లూకా గారు. దీనికి, ధనుష్కోడికి సుత. మాఫ్ చెయ్యుండ్రి."

లూకా రీలు తీసి జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. మేబెల్ ముఖం చూశాడు. అతనికి అర్థమైంది.

"నిజం చెప్పనాండీ? నాకూ మీ మీద కుళ్ళే. నేను కిటికీలోంచి మబ్బులు చూపిస్తే ఆవిడ మిమ్మల్ని చూసింది. రైలెక్కిన దగ్గర్నుంచీ అంతే." దేవసహాయం వైపు తిరిగాడు. "మాస్టారూ, నేనడిగిన మాట మర్చిపోండి. నాకేం బాధ లేదని అనను గానీ, మర్చిపోండి." బెడ్డింగు అందుకుని పెట్టెలోకి ఎక్కేశాడు.

జకర్యా ముందుకొచ్చాడు. "సార్, మేబెల్‌ను నాకు..."

"ఓర్వలేనివాడికి కూతురిని ఎలా ఇవ్వమంటావయ్యా?"

"ఓర్వలేకపోతే ఓర్వలేకపోతున్న అని చెప్త సార్. ఇంక దాచి పెట్టుకోను."

దేవసహాయం కూతురి వైపు చూశారు. "నువ్వేమంటావ్?"

"రెండు చేతులతోని చెవులు పట్టుకోమను నాన్నా," అంది మేబెల్. నవ్వాలని చూసింది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ ఐదు దినాలు నేనెట్లున్ననో నువ్వు చూసినవ్ గద."

ఆయన చూశారు. బెజవాడలో రేడియో ముందు అన్నం ముట్టకుండా కూర్చున్న కూతురిని ఆయన మర్చిపోలేదు. ఎవరికోసమో అడగలేదు, అంతే.

గార్డు ఈల వేశాడు. దేవసహాయం ఇద్దరి తలల మీద చేతులు పెట్టి, జీవితంలో ఎన్నడూ చేయనంత చిన్న ప్రార్థన చేశారు. బండి కదులుతుండగా, "ఆమెన్, ఎక్కండి!" అన్నారు.

పెట్టెలో అందరూ సర్దుకున్నారు. లూకా ఒక నారింజపండు ఒలిచి, అలవాటు కొద్దీ సగం మేబెల్‌కు ఇచ్చాడు. ఆమె నవ్వి తీసుకుంది. జకర్యా కడుపులో మళ్ళీ భగ్గుమంది. కిటికీ వైపు తిరగబోయి ఆగాడు.

"మేబెల్."

"ఏంది?"

"నాకు మండుతున్నది," అన్నాడు, పెట్టెలో పదిహేను మందీ వినేలా.

ముందు రోసమ్మ నవ్వింది, తర్వాత అందరూ. లూకా కూడా నవ్వి, తన చేతిలో మిగిలిన సగం జకర్యా చేతిలో పెట్టాడు. మేబెల్ కిటికీ వైపుకు జరిగి, పక్కన చోటు చేసింది.

"చెప్పినవ్ గద," అంది. "రా, కూసో."